అమ్మ పక్కన పెట్టిన ముక్క

నన్ను పూడ్చకముందే నా ముక్కను పూడ్చిపెట్టి వచ్చినాడు మా ఆయన. నబీసాబ్ అంటే హిందూపురంలో పరుపులు కుట్టడంలో పేరున్న మనిషే. కానీ ఏ పని చేసేముందూ పెండ్లాన్ని ఒక మాట అడిగే అలవాటు మాత్రం లేదు.

నా రొమ్ములో గడ్డ తీసినాక, ఆసుపత్రోళ్ళు చిన్న మైనంబిళ్ళ ఒకటి ఆయన చేతికిచ్చి, ఇందులో గడ్డ ముక్క ఉండాది, భద్రంగా పెట్టుకోమన్నారంట. మా దూదేకులోళ్ళ ఇండ్లల్లో ఒంట్లోంచి తీసింది ఏదైనా మన్నులో పెట్టాల్సిందే, తెగిన వేలైనా సరే. ఈయనకు మన్ను కంటే భద్రమైన చోటు తోచలేదు. ఎవురికీ చెప్పకుండా మా పుట్టినూరు పెనుకొండకు బస్సెక్కినాడు.

బెంగళూరులో డాక్టర్ కల్పనమ్మ ఆ బిళ్ళ అడిగినప్పుడు సంగతి బయటపడింది. పాపం ఆయమ్మ కోప్పడలేదు, నిదానంగా చెప్పింది. ఏ మందు పనిచేస్తుందో ఒక్క రక్తపరీక్షతో తేలదంట. ముక్కలో ఒక గుర్తు ఉండాదా లేదా అని చూడాలంట. ఉంటే జబ్బు మాత్రలకు లొంగుతుంది, చానా ఏండ్లు నెమ్మదిగా బతకొచ్చు. లేకుంటే కష్టమైన దారి. గడ్డంతా తీసేసినారు కాబట్టి మళ్ళీ తీసి చూడను నా ఒంట్లో ఏమీ మిగల్లేదు. ఉండేదంతా ఆ బిళ్ళలోనే.

"యాడ పెట్టినావయ్యా?" అని నేను అడిగితే తల వంచుకున్నాడు.

"మీ అమ్మ పక్కన."

తిట్టాలో ఏడవాలో తెలీలేదు నాకు. పెనుకొండకు పోయే దావంతా తిడతానే ఉన్నా. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తా కూర్చున్నాడు.

కొండ కనపడంగానే నా నోరు ఆగిపోయింది. ఆ కొండ కింద వీధిలోనే మా అమ్మ కుళ్ళాయమ్మ దూది ఏకేది. దూది ఏకే విల్లు చప్పుడుతోనే నాకు తెల్లారేది. ఇల్లంతా దూది ఎగిరి అమ్మ కనురెప్పలు కూడా తెల్లబడేవి. నేను దూదికుప్పలో దూకితే కొట్టను వచ్చి, తానే నవ్వేసేది. ధర్మవరం నుంచి పని నేర్చుకోను వచ్చిన ఈ నబీసాబ్, నన్ను చూస్తా సూది వేలికి గుచ్చుకున్నాడు. అమ్మ ఆ వేలికి పసుపు అద్ది, ఈ పిల్లోడి చూపు పరుపు మీద లేదే అన్నది. ఆ ఇంటి చోట ఇప్పుడు ఫోము పరుపుల అంగడి ఉండాది. ఎంత బాగుండేవో ఆ దినాలు, మళ్ళీ రమ్మంటే వస్తాయా.

ఖబరస్తాన్ లోపలికి ఆడోళ్ళం పోము. గోడ ఇవతల నిలబడి చూస్తాంటే, ఆయన అమ్మ సమాధి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చేతుల్తోనే మన్ను తీసినాడు. తెచ్చి నా చేతిలో పెట్టినాక చూస్తే, అది అరచేయంత పరుపు. బిళ్ళను ప్లాస్టిక్ కవరులో పెట్టి, చుట్టూ మంచి దూది నింపి, నాలుగు పక్కలా సన్నంగా కుట్టినాడు. లోపల చెమ్మ కూడా తగల్లేదు. తిట్టిన తిట్లన్నీ నాకే తగిలినట్లయింది.

పరీక్ష చేసి, గుర్తు ఉండాదని చెప్పింది కల్పనమ్మ. రేపు ఎట్లుంటుందో ఎవురూ రాసియ్యలేరు గానీ, మాత్రలు మానకుండా మింగితే ధైర్యంగా ఉండొచ్చన్నది. నేను కండ్లు తుడుచుకుంటాంటే, ఈయన బిళ్ళ మళ్ళీ ఎప్పుడిస్తారని అడిగినాడు.

బస్టాండుకొచ్చినాక నేను అడిగినా, పూడ్చేటప్పుడు అమ్మతో ఏం చెప్పినావని.

"అత్తా, కూతురు కావాలంటే ఇంతే తీసుకో, మిగిలిందంతా నాకు ఇడ్చిపెట్టు అని చెప్పినా."

ఆపరేషన్ నాడు కూడా ఏడవనిదాన్ని, బస్టాండులో అందరి ముందరా ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చినా.