అందరికీ తెలిసిన పన్నెండు వాక్యాలు

వాల్దెమార్ తలుపు తట్టలేదు, తోసుకుని జుస్తీనా ఇంట్లోకి వచ్చేశాడు. చంకలో రెండు పుస్తకాలున్నాయి. ఒకటి పోయిన నెల జర్మనీ నుంచి పెట్టెల్లో వచ్చిన అచ్చు బైబిలు. రెండోది ఆవిడ వయసులో ఉండగా తన చేత్తో ఎత్తి రాసిన యోహాను సువార్త. దాన్ని చూడగానే ఆవిడ చేతిలో గరిటె కింద పెట్టేసింది.

"పిన్నీ, అద్భుతం చూపిస్తా, కూర్చో!" అన్నాడు. మా సంఘానికి ఈ మధ్యే బోధకుడయ్యాడు. అతను మాట్లాడితే అలమరలో గిన్నెలు మోగుతాయి. "ఎనిమిదో అధ్యాయం చూడు. మొగుడు కాని వాడితో పట్టుబడ్డ ఆడదాన్ని ప్రభువు ముందుకి ఈడ్చుకొచ్చారే, ఆ కథ. అచ్చు పుస్తకంలో ఉంది, నీ రాతలో లేదు. పన్నెండు వాక్యాలకి పన్నెండూ లేవు!"

"అవునా," అంది జుస్తీనా. యాభై నాలుగేళ్ళ మనిషి, చిన్నపిల్లలా కుర్చీ అంచుకి జరిగి కూర్చుంది.

"అయ్యో, నిన్ననడం లేదు పిన్నీ! ఇదిగో, పేజీ అడుగున చిన్నక్షరాల్లో చూడు. అన్నిటికంటే పాత ప్రతుల్లో ఈ కథ లేదట. నువ్వు చూసి రాసిన బైబిలు ఎంత పాతదాన్నుంచి వచ్చిందో మరి! ఆదివారం సంఘంలో చెప్తాను. ఆనాడు సంఘపెద్దగా ఐజాక్ తాత ఇచ్చిన తీర్పు కూడా తప్పు కాదని తేలిపోయింది."

ఏం పిల్లాడండీ! బంగారం దొరికిందనుకుంటున్నాడు. తేలు కుట్టిన దొంగలా ముప్పై మూడేళ్ళు నోరు మూసుకుని బతికిన మనిషికి చరిత్రే ఎదురొచ్చి "నీ తప్పేం లేదమ్మా" అంటోంది. వద్దనడానికి ఎవరికి మనసొప్పుతుంది? జుస్తీనా టీ పోసింది, రొట్టె పెట్టింది. "సరే నాయనా, నీ ఇష్టం," అంది. వాడు వెళ్ళాక గిన్నె కడుగుతూ ఆ మాట తనే అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

జరిగింది జుస్తీనాకి తెలుసు, దేవుడికి తెలుసు. స్టాలిన్ పోయిన మూడేళ్ళకి కూడా మా తలాస్ లోయలో ఒక్క బైబిలు మిగల్లేదు. పుస్తకాలతో పాటు వాటిని చదివే మగవాళ్ళనీ సర్కారు వాళ్ళు పట్టుకుపోయారు. పుస్తకం లేని ఆ కాలంలో నోటికొచ్చిందల్లా వాక్యమే అయింది. దర్శనాలొచ్చాయన్నవాడొకడు, లోకాంతం ఫలానా తేదీ అన్నవాడొకడు. సంఘం మూడు ముక్కలైంది. అందుకే పెద్దలు కట్టుబాటు పెట్టారు: నోటి మాట చెల్లదు, రాసిన మాటే చెల్లుతుంది. కరగంద ఊరి వైపు నుంచి ఒక బైబిలు అరువు తెచ్చి, మంచి చేతిరాత ఉన్న ఆడపిల్లలకి అందులోంచి తలా ఒక పుస్తకం వంతులవారీగా ఎత్తి రాయమని పంచారు. రాయడం అయ్యాక ఒకరు పైకి చదవాలి, ఒకరు సరిచూడాలి. ఆఖరి పేజీలో "ఏమీ కలపలేదు, ఏమీ తీయలేదు, దేవుడు సాక్షి" అని రాసి సంతకం పెట్టాలి.

జుస్తీనాకి యోహాను వచ్చింది. దుంపల కొట్టులో బస్తాల వెనక కూర్చుని రాసేది. బైబిలు వెనక్కి తీసుకుపోవాల్సిన ఆవిడ చెప్పిన రోజుకంటే రెండు రోజులు ముందే ఊడిపడింది. మిలీషియా పోలీసులు ఇళ్ళు సోదా చేస్తున్నారు, సాయంత్రం బండికే పోవాలి అంది. ఇంకా సగానికి పైగా ఉంది. పిల్ల పరుగులు పెట్టి రాసింది. ఎనిమిదో అధ్యాయం మొదట్లో ఆ కథ కనబడింది. ఇది అందరికీ తెలిసిందే కదా, చిన్నపిల్లలకి కూడా వచ్చు, తర్వాత ఎవర్నైనా అడిగి రాసేద్దాం అనుకుని దాటేసింది. సరిచూడటానికి టైము లేదు, సంతకం మాత్రం పెట్టింది. ఆ తర్వాత "ఈ పిల్ల చేతి మీదుగా వాక్యం మన ఊరొచ్చింది" అని ఐజాక్ తాత అందరి ముందూ పొగుడుతుంటే ఇక ఏ నోటితో చెప్తుంది?

మరుసటి ఏడు ఆగనేతని సంఘం ముందు నిలబెట్టారు. ఆమె మొగుడు ప్రార్థన చేసినందుకు జైలుకెళ్ళి ఆరేళ్ళు. ఉత్తరం ముక్క లేదు. ట్రాక్టరు నడిపేవాడితో ఆమె పట్టుబడింది. విశ్వాసం కోసం జైల్లో ఉన్నవాడి పెళ్ళాం ఇలా చేస్తే ఊరు ఊరుకుంటుందా?

"తాతా, ఇలాంటి దాన్ని ప్రభువు వదిలేశాడని మా నానమ్మ చెప్పింది. యోహానులో ఉంది, చూడండి," అంది ఆగనేత.

"విన్నట్టే ఉందమ్మా," అని ఐజాక్ తాత కళ్ళజోడు పెట్టుకున్నాడు. పేజీలు ముందుకి తిప్పాడు, వెనక్కి తిప్పాడు. వేలు తడిచేసుకుని మళ్ళీ తిప్పాడు. పాపం, దొరుకుతుందనే ఆశ ఆయనకీ ఉంది. రెండో బల్ల మీద జుస్తీనా కూర్చుని ఉంది. లేచి ఒక్క మాట అంటే చాలు. కానీ దేవుడి సాక్షిగా అబద్ధం రాసిన దానికి వెలి తప్పదు.

"లేదమ్మా," అన్నాడు తాత. "ఎంతమంది విన్నదైనా, రాసి లేని మాట మీద తీర్పు చెప్పలేను."

ఆగనేతని వెలేశారు. వెలి అంటే కన్నతల్లి కూడా ఆమెతో ఒక బల్ల దగ్గర తినకూడదు.

అనుకున్న ఆదివారం రాగానే వాల్దెమార్ రెండు పుస్తకాలూ పట్టుకుని నోరు తెరిచేలోపే జుస్తీనా లేచి నిలబడింది. "కూర్చో వాల్ద్యా. నేను చూసి రాసినదాంట్లో ఆ కథ ఉంది. నేనే రాయలేదు," అని మొదలుపెట్టి దుంపల కొట్టు దగ్గర్నుంచి ఐజాక్ తాత కళ్ళజోడు దాకా అంతా చెప్పేసింది. చెప్పి, తలుపు చూపిస్తారని ఎదురుచూసింది.

వాల్దెమార్ కళ్ళు తుడుచుకున్నాడు. అచ్చు బైబిలు తెరిచి ఆ పన్నెండు వాక్యాలే పైకి చదివాడు. "పాపం లేనివాళ్ళు ముందు రాయి వెయ్యండి. ఎవరు వేస్తారు, చెప్పండి?" అన్నాడు. ఎవరు వేస్తారు? ఆడవాళ్ళు వచ్చి ముద్దులు పెట్టుకున్నారు. "అప్పటి రోజులు అలాంటివి జుస్తీనా, నువ్వు మాత్రం ఏం చేస్తావే," అన్నారు. పాట పాడారు, టీలు తాగారు. ఆగనేత పేరు మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తితే అందరూ జవాబు చెప్పాలి కదా!

ఛీ, ఇంత చవగ్గానా! ఆగనేతకి దొరకకుండా తాను చేసిన కథతోనే తనని క్షమించేశారు. జుస్తీనా టీ గ్లాసు పక్కన పెట్టేసింది. అచ్చు బైబిలు తీసుకుని పాలకేంద్రం వెనకనున్న ఆగనేత ఇంటికి నడిచింది.

ఆగనేత వాకిట్లో బకెట్లు బోర్లిస్తోంది. అరవై రెండేళ్ళు. జుస్తీనా చెప్పిందంతా విన్నది, పని ఆపలేదు.

"క్షమించారా నిన్ను?"

"క్షమించారక్కా."

"ఎంతసేపు పట్టింది?"

జుస్తీనా తల దించుకుంది. "పావుగంట కూడా పట్టలేదు."

"మంచిదేలే. నీ అదృష్టం." ఆగనేత నడుముకి కట్టుకున్న గుడ్డకి చేతులు తుడుచుకుంది. "ఆ పుస్తకమెందుకు తెచ్చావు? నాకు చదివి వినిపిద్దామనా? నాకెందుకే, నాకు కంఠతా వచ్చు. పుస్తకంలో లేదని తాత అన్నాడు కదా, ఆ పూట ఇంటికొచ్చాక మా అమ్మ ఏమందో తెలుసా? చేసిన పాపం చాలక దేవుడి పేరు మీద కథ కూడా అల్లావా అంది. తొమ్మిదేళ్ళు నా కంచం కిటికీ గట్టు మీద పెట్టింది. పెట్టి గోడ వైపు తిరిగి ఏడ్చేది. నేను అబద్ధాలకోరుననుకునే పోయింది."

"అక్కా, నన్ను..."

"నన్నడక్కు. పద."

ఆగనేత ముందు, జుస్తీనా వెనకా శ్మశానానికి నడిచారు. గాలికి ఎండుగడ్డి గలగలమంటోంది. తల్లి సమాధి ముందు ఆగనేత చేతులు కట్టుకుని నిలబడి "కానియ్, చదువు" అంది. జుస్తీనా తెరిచి చదివింది. ఆయన వంగి నేల మీద వేలితో రాయడం, రాళ్ళు పట్టుకున్నవాళ్ళు ఒక్కొక్కరే జారుకోవడం, నేనూ నిన్ను శిక్షించను, వెళ్ళమ్మా అనడం.  పూర్తి చేసి పుస్తకం మూసింది.

"మళ్ళీ చదువు," అంది ఆగనేత. "గట్టిగా చదువు. అమ్మకి చెవుడు."