గాజు అంచు మీద బాణం

లుసిండా నా మూడు లెన్సులు తీసేసింది. ఆరేళ్ళుగా నేను కట్టుకుంటూ వచ్చిన లేజర్ అద్దాల వరసలోంచి, తను ఉద్యోగంలో చేరిన పదకొండో వారంలో, ఈ మూడూ అక్కర్లేదని తేల్చింది. మరలు విప్పి, మెత్తటి కాగితంలో చుట్టి, ఒక్కోదాని మీద నా పేరు రాసి నా బల్ల మీద పెట్టింది. పారేసినా బాగుండేది. ద్వేషించడానికి ఒక కారణం దొరికేది.

లుసిండా అబెయ్టాకు ముప్ఫై ఒకటి, నాకు యాభై ఏడు. అల్బకర్కీ శివార్లలో, కంచె లోపలి భవనంలో మా ఇద్దరి పనీ ఒకటే. ఎగిరి వచ్చే డ్రోన్ మీద లేజర్ చుక్కను కదలకుండా నిలపడం. నా వరసలో చుక్క చెదిరేది. గాలి వల్ల అని ఆరేళ్ళూ నివేదికల్లో రాశాను. ఆమె వరసలో చెదరడం లేదు. గాలి మాత్రం అదే గాలి.

ఎదుటివాళ్ళకున్నది తనకు కావాలనుకోవడమే అసూయ అనుకునేవాణ్ణి. నాకు ఆమె తెలివి అక్కర్లేదు. ఆమెకు అది లేకపోతే చాలు. ఆమె అద్దం తుడుస్తుంటే చూడలేకపోయేవాణ్ణి, చూడకుండానూ ఉండలేకపోయేవాణ్ణి. పల్చటి కాగితం మీద ఒక్క చుక్క ద్రావకం వేసి, అద్దం మీదుగా ఒక్కసారి లాగేది. మరక ఉండేది కాదు. నాకు మూడుసార్లు పడుతుంది.

"అంతసేపు అలా చూస్తే పూత లేచిపోద్ది ఆరిన్," అన్నాడు ఫెర్మిన్. మా టెక్నీషియన్, నాకంటే ముందునుంచీ ఉన్నవాడు.

"అద్దానికా?"

"నీ కళ్ళకి."

నవ్వాను. వాడికి తెలిసిపోయిందేమోనని ఆ రోజంతా వాడివైపు చూడలేదు.

సోమవారం లుసిండా కొత్త గాజు పలక బిగించింది. మొత్తం వరసకు గుండెకాయ అదే. పూత పూసిన ముఖం మీద లేజర్ పడి బయటికి మళ్ళుతుంది, దూరం నుంచి వచ్చే వెలుగు మాత్రం పలకలోంచి కెమెరాలోకి పోతుంది. పూర్తి శక్తితో లేజర్ వెలిగించే ముందు ప్రతి గాజుకూ రెండు సంతకాలు కావాలి, బిగించినవాళ్ళది ఒకటి, బిగించనివాళ్ళది ఒకటి. రెండో సంతకం పెట్టడమంటే, నా కళ్ళతో చూశాను, సరిగ్గా ఉంది, అని చెప్పడం. ఆమె బిగించినవాటికి రెండో సంతకం నాది.

రెండు ముఖాలూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి గాజు అంచు మీద పెన్సిల్‌తో చిన్న బాణం గీస్తారు. మొన ఎటుంటే పూత అటు. నేను పనిలో చేరినప్పటినుంచీ మా దగ్గర అంతే. ఈ పలక మీది బాణం లేజర్ వైపు ఉండాలి. గోడ వైపు ఉంది.

లోపల ఏదో వెచ్చగా కదిలింది. అది సంతోషమని గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

పూత వెనక్కి ఉంటే లేజర్ గాజులోంచి దూరి వెళ్ళి, మళ్ళీ గాజులోంచే బయటికి రావాలి. పూర్తి శక్తిలో పలక వేడెక్కి పగులుతుంది. తయారవడానికి మూడు నెలలు పట్టిన పలక. మనుషులకేం కాదు, ఆ సమయంలో అందరం పక్క గదిలో ఉంటాం. మనుషులకేం కాదని నాకు నేను చెప్పుకున్నప్పుడే, నేనేం చెయ్యబోతున్నానో నాకు అర్థమైంది.

రూఢి చేసుకునే మార్గం ఒకటుంది. కాగితం మొనను గాజుకు తగలకుండా దగ్గరగా పట్టుకోవాలి. మొనా దాని ప్రతిబింబమూ కలవబోతున్నట్టుంటే పూత ఇవతల ఉన్నట్టు, మధ్యలో ఎడం కనిపిస్తే అవతల ఉన్నట్టు. పది సెకన్ల పని. నేను చెయ్యలేదు. చేస్తే తెలిసిపోతుంది, తెలిశాక సంతకం పెడితే నేరం. చెయ్యకపోతే పొరపాటు మాత్రమే.

లుసిండా పక్కనే నిలబడి ఉంది. "చూశారా?"

"చూశాను."

"బాణం కూడానా?"

"చూశానన్నానుగా."

ఇంకేదో అంటుందనుకున్నాను. పెన్ను ఇచ్చింది, అంతే. సంతకం ఎప్పటికంటే అందంగా వచ్చింది.

గురువారం ఉదయం పక్క గదిలో తెర ముందు చేరాం. మా అధికారి ప్రూయిట్ నిలబడే ఉన్నాడు. లుసిండా శక్తిని మెట్టుమెట్టుగా పెంచుతోంది. సగం. ముప్పావు. పూర్తి. నేను మనసులో లెక్కపెడుతున్నాను. పలక పగిలాక ఎలా నిలబడాలో, ఆమె భుజం మీద చెయ్యి వెయ్యాలో వద్దో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. ఇరవై సెకన్లు. నలభై. తెర మీద చుక్క మేకు కొట్టినట్టు నిలిచింది. నిమిషం పూర్తయ్యాక ఆమె ఆపేసింది.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

"ఏమ్మా, ముసలాడి ఆరేళ్ళని నాలుగు నెలల్లో మింగేశావు కదా!" అన్నాడు ప్రూయిట్.

"ఆయన్నేమీ అనకండి," అంది లుసిండా. "ఈ పలక చేసిన కొత్త షాపువాళ్ళు బాణాన్ని వెలుగు వెళ్ళే దిక్కుకి గీస్తారంట. మనకి తిరగబడినట్టు ఉంటుంది. ఫోన్ చేసి కనుక్కున్నా, కాగితం మొన పెట్టి చూశా, అయినా భయమే. ఆరిన్‌కి కావాలనే చెప్పలేదు. ఆయన కళ్ళతో ఆయన చూడాలని. తప్పయితే అరుస్తారుగా. చూసి, ఒక్క మాట అడక్కుండా సంతకం పెట్టారు. అప్పుడుగానీ నాకు తిండి సయించలేదు."

"అయితే వచ్చే నెల ఎడారిలో పరీక్షకి రెండో సంతకాలన్నీ నీవే ఆరిన్," అన్నాడు ప్రూయిట్.

"మీరే కావాలని నేనే అడిగా," అంది లుసిండా నా వైపు తిరిగి.

ఎడారిలో పక్క గది ఉండదు. లేజర్‌కి ఇరవై అడుగుల్లో మనుషులుంటారు. అదంతా తర్వాత తట్టింది. ముందు తట్టింది, నన్ను ఈమె నమ్మిందని. ఆ నమ్మకంలోనూ నాకంటే పైనే ఉందని.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఎదురుగా కూర్చున్నాను. పచ్చిమిరప కూరలో రొట్టె ముంచుకుంటోంది.

"ఆ పలక నేను చూడలేదు."

"చూశారుగా. నేను పక్కనే ఉన్నా."

"బాణం చూశాను. తిరగబడిందనే అనుకున్నాను. అనుకునే సంతకం పెట్టాను."

నవ్వింది. "మీక్కూడా జోకులేయడం వచ్చన్నమాట." నా మొహం చూసి ఆగిపోయింది. "ఎందుకు?"

దారి పొడుగునా జవాబులు తయారుచేసుకున్నాను. అలసట, వయసు, చత్వారం. ఒక్కటీ వాడలేదు.

"పగలాలని."

"పగిలితే మీకు సరిపోయేదా?"

ఆలోచించాను. "సరిపోయేది కాదు."

రొట్టె కింద పెట్టింది. "నావాటికి ఇప్పటిదాకా ఎన్ని సంతకాలు పెట్టారు?"

"ఆ పలక కాక పద్నాలుగు."

"లెక్క కూడా గుర్తుందే మీకు!" లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. "నాలుగింటిలోగా ప్రూయిట్‌కి మీరే చెప్పండి. లేదంటే నేను చెప్తా."

ఆమె వెనకే వెళ్ళి ప్రయోగశాల తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూశాను. మొదటినుంచీ ఒక్కో గాజు దగ్గర ఆగి, వంగి, కాగితం మొన పట్టుకుని చూస్తోంది. ఫెర్మిన్ పట్టీలో టిక్కు పెడుతున్నాడు. పద్నాలుగూ సరిగ్గానే ఉన్నాయని నాకు తెలుసు. ఆ పద్నాలుగూ నిజంగానే చూశాను. ఇప్పుడు ఆ మాట చెప్పినా ఎవరూ నమ్మనక్కర్లేదు.

నా మీద అంత కోపంలోనూ ఆమె ఒక్క గాజునూ వదిలెయ్యలేదు. ఇలాంటి మధ్యాహ్నం నాకు ఎదురైతే నేను ఐదోదాని దగ్గరే ఆపేసేవాణ్ణి. సిగ్గుపడాల్సిన చోట నిలబడి, అప్పటికీ, కుళ్ళుకుంటున్నాను.

మూడున్నరకు ప్రూయిట్ గది తలుపు కొట్టాను.

"రావయ్యా. కూర్చో."

"నిలబడే చెప్తాను. ఎడారికి రెండో సంతకం ఇంకెవరిచేతైనా పెట్టించండి."

"అదేంటి? అమ్మాయి అందరి ముందూ అంత పొగిడిందిగా నిన్ను."

"ఆవిడకి తెలీక పొగిడింది," అని, తలుపు మూసి, సోమవారం నుంచి జరిగింది చెప్పడం మొదలుపెట్టాను.