దీవెన కోసం దాచిన టైర్లు

సెవెరో తార్కి మినీబస్సు నెత్తిమీద నాలుగు కొత్త టైర్లున్నాయి. కింద తిరుగుతున్న నాలుగూ అరిగి గుండ్లయిపోయాయి. కొత్తవాటికి వాన తగలకుండా పెళ్ళాం దుప్పటి కప్పాడు. పాతవాటిని గతుకులకు వదిలేశాడు.

కొత్తవి టైర్ల కంపెనీ ఊరికే ఇచ్చింది. రోడ్డు భద్రత అంటూ ఎల్ ఆల్తో ఊరి బస్టాండులో డేరా వేసి, వచ్చిన ప్రతి బండినీ ఆపి టైర్లు తడిమి చూశారు. సెవెరోవి తడిమిన ఇంజనీరు నమ్మలేక మళ్లీ ఒకసారి తడిమాడు.

"వాన నీళ్లు పక్కకి పోవడానికే కదన్నా ఈ గాడులు పెట్టేది. నీ టైర్లకి ఒక్కటీ మిగల్లేదు. తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే జారిపోతావు. ఇవాళే బిగించుకో" అని నాలుగు టైర్లు చేతిలో పెట్టాడు. ఫోటో తీశారు. ఫోటో అయ్యాక బిగించే తీరిక ఎవరికీ లేకపోయింది. ఉచితంగా ఇచ్చేవాళ్ల ఓపిక సాధారణంగా ఫోటో దాకానే ఉంటుంది.

సెవెరో ఆశ వేరు. సరస్సు అవతల కోపకబానా గుడి ముందు కొత్త టైర్ల మీద పాదిరిగారు పవిత్రజలం చల్లాలి. అక్కడే బిగించి, ఆనవాయితీగా వాటి మీద బీరు పోసి, పూలు కట్టి ఊరేగాలి. దీవెన పడేదాకా వాటికి మట్టి అంటకూడదు.

బస్సు నిండా పండక్కి అక్కడ ఆడబోయే నాట్యబృందం ఆడవాళ్లు. పక్క సీట్లో అతని భార్య బసిలియా.

"చెప్పులు నెత్తిన పెట్టుకుని ముళ్లలో నడిచేవాణ్ణి కట్టుకున్నాను" అంది బసిలియా.

"కోపకబానా దాకా ఓపిక పట్టవే."

"ఓపిక నాకుంది. ఆ గుండ్లకుందా?"

వెనక నుంచి బృందం పెద్ద దోన్యా నికొలాసా అందుకుంది. "తమ్ముడూ, కొత్త లంగాలు కట్టుకొచ్చాం. సరస్సులో ముంచకు."

తికీనా రేవు దగ్గర అందరూ దిగారు. అక్కడ మనుషులు మోటారు పడవలో, బళ్లు బల్లకట్టు మీద దాటుతాయి. సెవెరో ఒక్కడే బస్సుని బల్లకట్టు మీదికి ఎక్కించి బ్రేకు తొక్కాడు. చక్రాలు ఆగాయి. బస్సు ఆగలేదు. వానకి తడిసిన చెక్కల మీద సబ్బుబిళ్లలా జారిపోయి, చివరి గుంజకు గుద్దుకుని నిలిచింది. బల్లకట్టు నడిపే ఫెలిసియానో తప్పుకోబోయి నడుంలోతు నీళ్లలో పడ్డాడు.

"చేపలక్కూడా టిక్కెట్లు కోస్తావా అన్నా?" అన్నాడు నీళ్లలోంచే.

సెవెరోకి అద్దంలోంచి సరస్సు తప్ప ఏమీ కనబడలేదు. అవతలి ఒడ్డు నుంచి కొండ దారి. ఆ మలుపుల్లో గుంజలుండవు. బస్సు ఖాళీగానూ ఉండదు. బ్రేకు మీంచి కాలు తీయలేదు.

ఒడ్డున దోన్యా నికొలాసా లంగాలు పరుచుకుని వానలోనే కూలబడింది. మిగతావాళ్లూ కూర్చున్నారు.

"బిగిస్తే వస్తాం. లేకపోతే నువ్వూ నీ టైర్లూ వెళ్లి దీవెన తెచ్చుకోండి" అంది.

ఆడవాళ్లే లేచి వెనక్కి లాగితే బస్సు ఒడ్డెక్కింది. బసిలియా నిచ్చెనెక్కి దుప్పటి లాగేసింది.

"పాదిరిగారు చూసేసరికి పాతబడిపోతాయే" అన్నాడు సెవెరో నీరసంగా.

"నువ్వు పాతబడేదాకా బతకాలి. నాకదే కావలసింది."

సెవెరో టైర్లు ఒక్కొక్కటే కిందికి దించాడు. రేవులో ఉన్న పంక్చర్ల దుకాణంలో నాలుగూ బిగించారు. బయటికి తిప్పగానే ముందు చక్రం సరిగ్గా బురదగుంటలో దిగింది. సెవెరో దిగి చొక్కా అంచుతో దాన్ని తుడవబోయాడు.

మళ్లీ బల్లకట్టెక్కాడు. భయంభయంగా బ్రేకు తొక్కాడు. తొక్కినచోటే బస్సు ఆగింది. నమ్మకం కలగక జానెడు ముందుకి పోనిచ్చి తొక్కాడు. ఆగింది. వెనక్కి పోనిచ్చి తొక్కాడు. మూతి మీదికి నవ్వొచ్చింది. పడవలో కూర్చున్న ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు.

"ఇది బల్లకట్టయ్యా, ఉయ్యాల కాదు. ఇంజను ఆపు" అని కసిరాడు ఫెలిసియానో, ప్యాంటు పిండుకుంటూ.

"ఒక్కసారి తమ్ముడూ, ఇదే ఆఖరు" అని సెవెరో మళ్లీ తొక్కాడు.