పూజలో పెట్టిన గరిటె

ఆయుధపూజ నాడు మిక్సీకి బొట్టు పెట్టినందుకు ఇంట్లో గొడవైంది.

దివాకర్ వాకిట్లో ట్రాక్టరు కడిగి, పసుపు పూసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. మోటరు స్టార్టరుకు, బైకుకు, కొడవళ్ళకు కుంకుమ పెట్టాడు. గిన్నెలో ఇంకా కొంచెం మిగిలింది. హేమలత ఆ గిన్నె వంటింట్లోకి తెచ్చి మిక్సీకి, స్టవ్వుకు, కత్తిపీటకు, గరిటెకు తలా ఒక బొట్టు పెట్టింది. చేతిలో కుంకుమ ఉంది, ఎదురుగా అవి ఉన్నాయి, అంతే.

"ఏమ్మే, మిక్సీ ఆయుధమా?" అత్త బయమ్మ గడపలోనే నిలబడిపోయింది. "పూజలో పెట్టింది మర్నాటిదాకా కదిలీకూడదు. మాపుకు చట్నీ యాడిది? నలభై ఏండ్లు రోట్లో రుబ్బినా నేను. ఒగపొద్దన్నా దానికి బొట్టు పెట్టి కూకుంటినా?"

"నీ కోడలు మిలిటరీలో చేరింది ల్యామ్మా," అని నవ్వాడు దివాకర్. "తుడిచెయ్ హేమా, ఆకలైతాంది."

ఆమె తుడిచేసింది. తడిగుడ్డకు ఎర్రగా అంటుకుంది. అనంతపురంలో బీయస్సీ చదివి ఈ కుందుర్పి పక్క పల్లెకు కోడలిగా వచ్చి పంతొమ్మిదేళ్ళు. ఇంటికి ఎవరొచ్చినా దివాకర్ ఆమెను ఒకే మాటతో పరిచయం చేస్తాడు, "ఇంట్లోనే ఉంటాది, ఏం చేయదు" అని. ఆ మాట వినపడేది ఎప్పుడూ ఆమె కాఫీ గ్లాసులు అందిస్తున్నప్పుడే. అలవాటైపోయింది అనుకునేది. కానీ ఆ రాత్రి చట్నీ రుబ్బుతుంటే వాకిట్లో పూలదండతో నిలబడిన ట్రాక్టరు కిటికీలోంచి కనిపించింది. దున్నే పని లేని రోజున కూడా దానికి సెలవు ఉంది.

మర్నాడు విజయదశమి. ఆ ఏటి వానలకు పదిహేనేళ్ళ తర్వాత ఊరి చెరువు నిండింది. పండగ భోజనం నీళ్ళ మీద పడవలో చేయాలని ఆడబిడ్డ ఈశ్వరి ముచ్చటపడింది. ఆమె, ఆమె మొగుడు ఓబులేష్ పండగకని వచ్చి ఉన్నారు. చేపలు పట్టే యేసన్న పడవ మాట్లాడారు. హేమలత తెల్లారకముందే లేచి పూర్ణం పెట్టి ఓళిగలు, చిత్రాన్నం, పప్పు, చారు, వంకాయ కూర చేసింది. గిన్నెలన్నీ ఆటోలో గట్టుకు చేరి, పడవలోకి ఎక్కాయి.

యేసన్న గిన్నెల్ని చూశాడు, మనుషుల్ని లెక్కపెట్టాడు.

"నేను గాక ఆరు మందికంటే మోయదన్నా. ఈ సామాన్లే ఒగ మనిషి బరువుండాయి. సామాన్లన్నా దించండి, ఒగరన్నా దిగండి."

అందరి చూపులూ వచ్చి హేమలత మీద ఆగాయి.

"వదినకు నీళ్ళంటే బయం కదా," అంది ఈశ్వరి, సాయం చేస్తున్నట్టుగా.

"నువ్వు గట్టున ఉండు హేమా," అన్నాడు దివాకర్. "అన్నం లేకుండా పోయి ఏం చేస్తాం?"

నీళ్ళంటే భయమని ఆమె ఎవరితో అంది? ఆమె చెరువులోకి చూసింది. నీళ్ళలోంచి కంపచెట్ల కొనలు మాత్రమే పైకి కనబడుతున్నాయి. ఆ చెట్ల పక్కనే, పెళ్ళయిన ఎండాకాలం, ఎండిన చెరువులో చెలమ తవ్వి, చిప్పతో తోడి, పొద్దుకు ఎనిమిది బిందెలు మోసింది. కూతురు తేజ కడుపులో ఉన్నప్పుడు కూడా మోసింది. ఆ రోజుల్లో ఆమెకు నీళ్ళంటే భయమని ఒక్కరూ అనలేదు. ఇప్పుడు వండిన అన్నానికి పడవలో చోటుంది, వండిన మనిషికి లేదు.

"సామాన్లు దించు యేసన్నా," అంది. "ఓళిగల డబ్బా, చిత్రాన్నం, నీళ్ళ సీసాలు చాలు. పప్పు, చారు, కూర మళ్ళా ఆటోలో పెట్టు. నేను వస్తా."

"పప్పు లేకుండా పండగేందమ్మే?" అంది బయమ్మ.

హేమలత అప్పటికే పడవెక్కి కూర్చుంది. తేజ నవ్వు ఆపుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. కాసేపటికి మిగిలినవాళ్ళు కూడా ఎక్కారు.

"ఎవురూ లేసి నిలబడొద్దు. పడవ వాలుతాది," అని చెప్పి యేసన్న తెడ్డు వేశాడు.

నడిచెరువులో డబ్బా మూత తీశారు. ఓళిగలు ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి పోయాయి. "హేమా, నీళ్ళు," అన్నాడు దివాకర్. ఆమె మోకాళ్ళు వాటంతటవే లేచాయి, పడవ ఊగింది. "కూకో తల్లీ," అన్నాడు యేసన్న. ఆమె కూర్చుంది. దివాకర్ తానే వంగి సీసా అందుకున్నాడు. ఆమె చేతిలో ఓళిగ ఇంకా వెచ్చగా ఉంది, నెయ్యి వేళ్ళ మీదికి కారుతోంది. పంతొమ్మిదేళ్ళలో తను చేసిన ఓళిగ వెచ్చగా ఎలా ఉంటుందో ఆమె చూడలేదు. బాగుంది. నిజంగానే చాలా బాగుంది. ఇంకొకటి తీసుకుంది.

"నిన్ననే పోదామంటే రాకపోతివే యేసన్నా," అన్నాడు ఓబులేష్.

"నిన్న పడవను పూజలో పెట్టినాం గదన్నా. అది మాకు కూడు పెట్టేది. ఎవురడిగినా తియ్యం."

"సరైన పని చేసినారు," అన్నాడు దివాకర్.

హేమలత వేళ్ళు నీళ్ళలో ముంచి కడుక్కుంది.

"ఈ మాపు నా స్టవ్వుకు, మిక్సీకి, గరిటెకు మళ్ళా బొట్టు పెడతాండా," అంది. గొంతు పెంచలేదు. "నిన్న తుడిచేసినవే. ఎల్లుండి పొద్దున దాకా వాటిని కదిలీను. ఇంగ మీద ప్రతి ఆయుధపూజకూ అంతే. వాటిని ట్రాక్టరు పక్కనే పెడతా."

దివాకర్ నోట్లో ముద్ద ఆగింది. "మరి రేపు అన్నం?"

"మీ చేతులకు నేను బొట్టు పెట్టలేదు గదా. అవి కదలొచ్చు."

తేజ పక్కున నవ్వింది. ఓబులేష్ కంపచెట్లను చూస్తూ కూర్చున్నాడు. దివాకర్ తల్లి వైపు తిరిగాడు. "చూస్తివామ్మా, ఏం మాట్లాడతాందో. నువ్వన్నా చెప్పు."

బయమ్మ ఒడిలో ఉన్న కుడి అరచేతిని ఎడమ బొటనవేలితో తడుముకుంటోంది. పొత్రం కాయలు కాయించిన చెయ్యి అది.

"హేమా," అంది. "గొడ్లపాకలో మూలకు నా రోలు పడుండాది. దానిగ్గూడ రవ్వంత కుంకుమ పెట్టమ్మే."