మూడో మెట్టు చెప్పిన పేరు

ఇది చాలా చిన్న కథ. పొయ్యి మీద పాలు పెట్టి వినొచ్చు, పొంగేలోపే అయిపోతుంది. బొంబాయి కామాటిపుర ఏడో గల్లీలో స్వప్న అనే ఇల్లాలు ఆపరేషన్ చేయించుకుని సన్నబడింది, తర్వాత ఇంకా సన్నబడింది. అంతే. కాకపోతే స్వప్న సంగతి చెప్పాలంటే ముందు ఆమె రోజూ ఎక్కే మెట్ల సంగతి చెప్పాలి. పాలు దించేసుకోండి.

ఆమె ఉండేది తొంభై ఏళ్ల చెక్క చాల్, గదికో కాపురం. పొద్దున ఐదున్నరకు కుళాయి వస్తుంది. అప్పటికే వరుసలో యాదమ్మ బిందె మొదట ఉంటుంది. ఆమె ఎప్పుడు లేచి పెట్టిందో చూసినవాళ్లు లేరు. ఆమె గది మెట్ల పక్కనే. యాదమ్మకు చాడీలు చెప్పే అలవాటు లేదు. విన్నది లోపల దాచుకుంటే అరగదని ఎవరికైనా అప్పజెబుతుంది, అంతే.

ఆ మెట్లలో కింది నుంచి మూడోది, ఎక్కేవాళ్ల పేరు చెబుతుంది. గట్టిగా కాదు, తలుపు కిర్రుమన్నట్టు. కానీ రెండో అంతస్తు దాకా వినపడుతుంది. దిగేవాళ్ల పేరు చెప్పదు. పోయేవాళ్లతో దానికేం పని. పుట్టినప్పుడు పెట్టిన పేరే చెబుతుంది. మొదటి అంతస్తులో సిద్ధార్థ్ అని పేరు మార్చుకున్న బ్యాంకు ఏజెంటు ఎక్కిన ప్రతిసారీ "పెంటయ్య" అంటుంది. మూడో మెట్టును దాటేసి నాలుగో దాని మీద కాలు వేయడం కుదరని పనేం కాదు. కానీ అలా ఎక్కేవాడు దొంగైనా అయి ఉండాలి, ఇంకొకరి ఇల్లాలి కోసం వచ్చినవాడైనా అయి ఉండాలి అని చాల్ అభిప్రాయం.

రెండో అంతస్తులో పోచయ్య అని ఉండేవాడు. పాలమూరు నుంచి వచ్చిన రాతిపనివాడు. బొంబాయిలో సగం రాతి మెట్లు తానే కొట్టానని చెప్పుకునేవాడు, మిగతా సగం బాగా లేవనేవాడు. సాయంత్రం మెట్టు "పోచయ్య" అనగానే పైన కోడలు ముత్తమ్మ లేచి నిలబడి, కొంగు తల మీదికి లాక్కుని, పీట వాల్చి, కంచంలో వేడి అన్నం పెట్టేది. ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి అన్నం మీద ఆవిరి ఉండాలి. ఆయన తిన్నాక కొడుకు, తర్వాత పిల్లలు, అందరి తర్వాత, మిగిలితే, కోడలు. పోచయ్య పోయి ఇరవై ఎనిమిదేళ్లయింది. ఆ పద్ధతి పోలేదు. ఇప్పుడు ముత్తమ్మ అత్త, స్వప్న కోడలు. తేడా అంతే.

మనిషి కాలు పెట్టినా మెట్టు పేరు చెప్పకపోవడం అప్పటికి మూడుసార్లు జరిగింది. మొదట గాజులమ్మే వెంకటమ్మకు, దగ్గి దగ్గి తన గాజులకంటే సన్నబడ్డ ఏడాది. తర్వాత రంగులేసే శివరాంకు. మూడోవాడు పోచయ్యే. ఆయన ఆ రోజు వెనక్కి దిగి మళ్లీ కాలు పెట్టాడు, మళ్లీ దిగాడు, మూడోసారి మడమతో తన్నాడు. ఏమీ వినపడలేదు. పైకి వెళ్లి పడుకున్నాడు. ముగ్గురూ నెల తిరక్కుండానే పోయారు. అందుకే మెట్టు ఎవరి పేరైనా మింగేస్తే చాల్‌లో చుట్టాలకు కబురు పెట్టేవాళ్లు. మంచం వాకిట్లోకి మార్చేవాళ్లు. అది అక్కడి ఆనవాయితీ.

ఇక స్వప్న. నాగ్‌పాడాలో సంచులు కుట్టే కార్ఖానాలో పట్టీలు కుట్టేది. నూట పద్దెనిమిది కిలోలుండేది. మెట్టు ఆమె పేరు చెప్పాక "అమ్మా" అని మూలిగేదని యాదమ్మ అనేది. భర్త తుకారాం ఫోర్ట్‌లో ఒక పాత ఆఫీసులో లిఫ్టు నడుపుతాడు. ఇరవై రెండేళ్లుగా రోజూ పైపైకి పోతున్నా ఎక్కడికీ చేరని మనిషి. స్వప్నకు షుగరు, మోకాళ్ల నొప్పులు ముదిరాక, ఆ లిఫ్టులో ఎక్కే ఒక డాక్టరమ్మ చెప్పగా ఆపరేషన్ చేయించాడు. పొట్ట కోసి చిన్న గుప్పెడంత చేశారు.

మొదటి ఆరు నెలలు పండగే. షుగరు దిగింది. మోకాళ్లు వంగాయి. "సినిమా హీరోయిన్ లెక్కున్నవే" అని చాల్ అంతా అన్నారు. యాదమ్మ ఆమె పాత జాకెట్లు అడిగి తీసుకుని దిండు గలీబులు కుట్టించుకుంది.

ఆ తర్వాత ఆగాల్సింది ఆగలేదు. అరవై. యాభై రెండు. నలభై ఐదు. గుప్పెడు గుప్పెడుగా రోజుకు ఆరుసార్లు తినమని డాక్టరమ్మ రాసిచ్చింది. ఆ ఇంట్లో కోడలికి ఆరుసార్లు లేదు, ఒక్కసారే ఉంది, అదీ మధ్యాహ్నం మూడింటికి, చల్లారాక. ఆ ముద్ద కూడా గొంతు కింద ఎక్కడో అడ్డం తిరిగి వెనక్కి వచ్చేసేది. చెకప్‌కు పోలేదు. తిడతారని భయం. మళ్లీ కోస్తారని భయం. ఇంతమంది మెచ్చుకున్నది జబ్బని తేలుతుందని ఇంకో భయం.

"కడుపు కోపిచ్చుకుని, ఇప్పుడు నా కొడుకు సంపాదన కక్కుతున్నవ్" అనేది ముత్తమ్మ, గది మూల నీళ్ల మోరీ దగ్గర చప్పుడు వినపడ్డప్పుడల్లా.

తల దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టు. అరికాళ్లలో చీమలు పాకుతున్నట్టు ఉండేది, చూస్తే చీమలు ఉండవు. ఫాక్‌లాండ్ రోడ్ దాటేటప్పుడు పక్క నుంచి బస్సు పోతే దాని గాలికే రెండడుగులు జరిగేది.

ఒక మధ్యాహ్నం కార్ఖానా నుంచి వచ్చి మూడో మెట్టు మీద కాలు పెట్టింది. మెట్టు ఏమీ అనలేదు.

స్వప్న కాలు తీయలేదు. రెండో కాలు కూడా పెట్టి నిలబడింది. వెనక్కి దిగి మళ్లీ ఎక్కింది. గోడ పట్టుకుని మడమతో తన్నింది. తాను చేస్తున్నది ఎవరు చేశారో అప్పుడు గుర్తొచ్చి కాలు వెనక్కి తీసింది.

"ఎవరే గది? పేరు రాకుంట ఎవరెక్కుతున్నరు?" అని లోపలి నుంచి యాదమ్మ.

"నేనే యాదక్కా, స్వప్నను. మూడో మెట్టు దాటిన. చీర తట్టుకుంటదని."

"దొంగనడకలు ఎప్పటి సంది నేర్చినవే?" అంది యాదమ్మ. బఠానీలు వలుస్తున్నందువల్ల బయటికి రాలేదు. వలవకపోయి ఉంటే ఈ కథ నిజంగానే పాలు పొంగేలోపు అయిపోయేది.

ఎవరికీ చెప్పలేదు స్వప్న. చెబితే మంచం వాకిట్లోకి వస్తుంది. కూతురు మేఘాకు పదిహేడేళ్లు, వచ్చే నెల పరీక్షలు. ఇంట్లో అందరూ బయటికి పోయాక, తగ్గిన బరువు నింపితే మెట్టు పలుకుతుందేమోనని మంచం కింది ఇనుప పెట్టె లాగింది. అందులో పోచయ్య పనిముట్లు ఉన్నాయి. ముప్పై ఏళ్ల చెమట పట్టి పిడి నల్లబడ్డ సుత్తి, నాలుగు ఉలులు, అడుగున ఒక సమ్మెట. సుత్తిని కూరగాయల సంచిలో వేసుకుని కిందికి దిగి, మళ్లీ ఎక్కింది.

"స్వప్న" అంది మెట్టు.

ఆమె అక్కడే కూర్చుని కాసేపు ఏడ్చింది. తర్వాత పైకి వెళ్లి పెట్టె మూత లోపలి వైపు సుద్దముక్కతో ఒక గీత గీసింది. మెట్టును మోసం చేయగలదు కానీ నెలను చేయగలదో లేదో ఆమెకు తెలియదు.

అప్పటి నుంచి రోజుకో గీత గీసింది, సంచి లేనిదే గడప దాటలేదు. ఎనిమిదో గీత నాటికి సుత్తి చాలలేదు. మెట్టు "స్వ" అని ఆగిపోయింది. ఉలులు వేసింది. పదిహేడో గీత నాటికి సమ్మెట కూడా వేసింది. తాను ఎంత తగ్గితే సంచి అంత పెరిగింది. భుజం మీద పట్టీ కోసి రక్తం కట్టింది. నీళ్లు తాగినా వెనక్కే వస్తున్నాయి. కార్ఖానాలో సూది ఒకటి రెండుగా కనపడుతుంటే ఏ దాంట్లో దారం ఎక్కించాలో తెలియక చూస్తూ కూర్చుంది.

"దినాం గన్ని కూరగాయలు తెస్తవు, వండుడు కనపడదేందే?" అని యాదమ్మ అడిగింది.

"ఆలుగడ్డలక్కా."

"మీ ఇంట్ల ఆలుగడ్డలు చప్పుడు చేస్తయే!"

ఇరవై నాలుగో గీత ఆదివారం వచ్చింది. మటన్ ఉడికింది. తుకారాం చేతులు కడుక్కున్నాడు. ముత్తమ్మ గుమ్మం దగ్గర కూర్చుని, "కొత్తిమీర లేకుంట కూరేందే, పోయి తే" అంది. స్వప్న సంచి ఎత్తుకుని దిగింది. కొత్తిమీర కట్ట కొంది. గోడ పట్టుకుంటూ ఒకటో మెట్టు ఎక్కింది. రెండోది ఎక్కింది. మూడో దాని మీద కాలు పెట్టింది.

"పోచయ్య" అంది మెట్టు.

ఆదివారం కాబట్టి చాల్ అంతా ఇంట్లోనే ఉంది. అందరూ విన్నారు. రెండో అంతస్తులో ముత్తమ్మ లేచి నిలబడింది. కొంగు తల మీదికి లాక్కుంది. పీట వాల్చింది, కంచం పెట్టింది, వేడి అన్నం వడ్డించి చెంబుతో నీళ్లు పెట్టింది. అన్నం మీద ఆవిరి లేచాక అప్పుడు ఆలోచించింది.

"వామ్మో" అంది. "మామ పోయిండు గదరా!"

కింద ఇనుము దొర్లిన చప్పుడైంది. పరుగెత్తి చూస్తే స్వప్న మెట్ల మీద పడి ఉంది, సుత్తీ ఉలులూ సమ్మెటా కిందికి దొర్లి ఉన్నాయి, కొత్తిమీర మాత్రం చేతిలోనే ఉంది. తుకారాం పెళ్లాన్ని ఎత్తబోయాడు. పాత బరువుకు సిద్ధపడ్డ చేతులు ఒక్కసారిగా పైకి లేచిపోయి, ఆమెతో సహా వెనక్కి తూలి గోడకు కొట్టుకున్నాడు.

"స్వప్నా, నువ్వేడున్నవే?" అన్నాడు, చేతుల్లో ఉన్న మనిషిని చూస్తూ.

యాదమ్మ సంచినీ మెట్టునూ చూసింది. ఆమెకు అర్థం కానిది ఏదీ ఉండదు. "ఎన్ని రోజులాయెనే నీ పేరు చెప్పక?"

"ఇరవై నాలుగు."

జనం వెనక్కి జరిగారు. ఇక ఆరు రోజులు. పెంటయ్య అప్పటికే మంచం ఒక కొన పట్టుకున్నాడు. సాయానికి ముందుండే మనిషి.

"దవాఖానకు తీస్కపోకుర్రి" అంది ముత్తమ్మ. "ఆడ పరాయోళ్ల నడుమ పోతది. ఇంట్లనే ఉండనియ్యుర్రి. వెంకటమ్మ గట్లనే పోయింది, మామ గట్లనే పోయిండు."

మేఘా తల్లి పాదాలు రుద్దుతోంది. తల ఎత్తకుండా నానమ్మను అడిగింది. "ఆజీ, వాళ్లను డాక్టర్‌కు చూపించిండ్రా?"

"మెట్టు చెప్పినంక డాక్టరేందే?"

"ఒక్కరినైనా?"

ముత్తమ్మ యాదమ్మను చూసింది. యాదమ్మ పెంటయ్యను చూసింది. తొంభై ఏళ్లలో ఎవరినీ చూపించలేదు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. పెంటయ్య మంచం వదిలేసి ఫాక్‌లాండ్ రోడ్ మీదికి ట్యాక్సీ కోసం పరుగెత్తాడు.

కోసిన పొట్టలో దారి ముడుచుకుపోయిందని డాక్టరమ్మ చెప్పింది. నోట్లోంచి గొట్టం పంపి, బుడగ ఊది, దాన్ని వెడల్పు చేశారు. ఒంట్లో విటమిన్లు లేక కాళ్లూ కళ్లూ దెబ్బతింటున్నాయని సూదులు ఎక్కించారు. ఇంకో వారం ఆగి ఉంటే నా దగ్గరికి తెచ్చేవాళ్లు కాదు అంది. తుకారాంను గంటసేపు తిట్టింది. మళ్లీ అదే చీటీ రాసిచ్చింది. ఆరుసార్లు, గుప్పెడు గుప్పెడుగా, వేళకు, వేడిగా. ఒక్క పూట తప్పినా మళ్లీ ఇక్కడికే వస్తుంది.

"మొగోళ్లు తినకముందు కోడలు తినుడా?" అంది ముత్తమ్మ. "మా ఇంట్ల గట్లాంటి పద్ధతి లేదమ్మా."

మంచం మీద స్వప్న కళ్లు మూసుకుంది. పొట్టలో దారి తెరుచుకుంది, ఇంట్లో తెరుచుకోలేదు. ముప్పయ్యో రోజు ఆస్పత్రిలోనే గడిచింది. ఆ రోజంతా ఆమె మేఘా వేలు వదల్లేదు. తెల్లారింది. మర్నాడు కూడా తెల్లారింది. అయినా భయం పోలేదు. అది రోజుల లెక్క దగ్గర నుంచి లేచి వంటింటి గుమ్మంలో కూర్చుంది.

ముప్పై మూడో రోజు ఇంటికి తెచ్చారు. మెట్ల దగ్గర అందరూ గుమిగూడారు. యాదమ్మ ఈసారి బఠానీలు పెట్టుకోలేదు. నలభై మూడు కిలోలు. చేతిలో ఏమీ లేదు. స్వప్న ఒకటి ఎక్కింది, రెండు ఎక్కింది, మూడో మెట్టు మీద కాలు పెట్టింది.

మెట్టు కాసేపు ఆలోచించింది.

"పోచయ్య" అంది.

పైన పీట వాల్చిన చప్పుడైంది. స్వప్న ఆగుతూ ఆగుతూ ఎక్కి గుమ్మంలోకి వచ్చేసరికి ముత్తమ్మ తల మీద కొంగుతో గోడవారగా నిలబడి ఉంది. కంచంలో గుప్పెడు అన్నం, పైన ఆవిరి. ముత్తమ్మ ముఖం చూస్తే తన కాళ్లూ చేతులూ తన మాట వినడం లేదని తెలుస్తోంది. తుకారాం ఆకలితో ఉన్నాడు, కానీ తాత తినకముందు తినే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. స్వప్న కూర్చుని తింది. అన్నం కడుపులో నిలిచింది.

మెట్టు మళ్లీ మాట మార్చలేదు. స్వప్న రోజుకు ఆరుసార్లు కిందికి దిగి ఆరుసార్లు ఎక్కుతుంది. చాల్‌లో ఎవరి పేరైనా వినపడకపోతే పెంటయ్య ఇప్పుడు తిన్నగా ట్యాక్సీకే పోతాడు. స్వప్న యాభై ఆరు కిలోలకు వచ్చి ఆగింది. ఆరుసార్లు లేచి వడ్డిస్తూ ముత్తమ్మ ఐదు కిలోలు తగ్గింది. మెట్టు ఆమె పేరు ఇంకా చెబుతూనే ఉంది.