వీధి మొదట్లో ఆగిన చుక్క

బేగాయిమ్ కింది పెదవికి మూడు కుట్లు పడ్డాయి. ఎడమ చెవి వెనక అరచేయంత మేర జుట్టు ఊడిపోయి, ఎర్రటి చర్మం కనిపిస్తోంది. ముందురోజు మధ్యాహ్నం బలిక్చీ ఊరి నుంచి మినీబస్సులో కరాకోల్ పట్నం చేరి, ఎవరో చెప్పిన గుర్తులు పట్టుకుని బూరుల్ ఇంటి ఇనుప గేటు తట్టింది. బూరుల్ ఏమీ అడగలేదు. పెరట్లో కూర్చోబెట్టి టీ పోసింది. "క్షేమంగా చేరానని అమ్మకి చెప్పాలక్కా" అంటే, ఫోనులో ఇంటి వైఫై పెట్టి ఇచ్చింది. తర్వాత పెదవి కుట్టించింది.

బూరుల్‌కి యాభై ఆరేళ్ళు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవై రెండేళ్ళు పనిచేసింది. మొగుళ్ళ దెబ్బలకు పారిపోయి వచ్చిన ఆడవాళ్ళని నాలుగేళ్ళుగా తన ఇంట్లో దాస్తోంది. ఫోను ఏ సైటుకి వెళ్ళాలన్నా ముందు దాని పేరు చెప్పి చిరునామా అడగాలని ఆమెకు తెలుసు. ఎక్స్ఛేంజిలో పేరు చెబితే నంబరు చెప్పినట్టే. ఆ చెప్పే పనిని ఆమె ఒక వడపోత సర్వీసుకి అప్పగించింది. దొంగ బ్యాంకులు, వైరస్‌లు, నిఘా యాప్‌లు - ఇలా చెడ్డ జాబితాలో ఉన్న పేరు ఎవరడిగినా ఆ సర్వీసు చిరునామా చెప్పదు. రౌటర్లో ఒక్కసారి పెడితే చాలు, ఇంట్లో ఫోన్లన్నిటికీ అదే కాపలా. దేనికి జవాబు దొరకలేదో రోజూ పొద్దున్నే ఆమె చూసుకుంటుంది.

ఆ పొద్దున ఒకే పేరు, ఒక నిఘా యాప్‌ది, నూట తొంభై రెండు సార్లు కనిపించింది. అడిగింది ఒకే ఫోను. నిన్న నాలుగింటి నుంచి ఇవాళ ఎనిమిదింటి దాకా, అయిదు నిమిషాలకోసారి.

"ఈ ఫోను నీకెవరిచ్చారు?"

"ఆయనే. మార్చి ఎనిమిదికి, ఆడవాళ్ళ పండగ కానుకగా. ఏమైందక్కా?"

"నువ్వెక్కడున్నావో అయిదు నిమిషాలకోసారి మీ ఆయనకి మోస్తోంది. ఈ ఇంట్లోకి వచ్చాకే దాని నోరు మూతపడింది."

బేగాయిమ్ చటుక్కున ఫోను అందుకుంది. "చెల్లెలింటికెళ్తే నాకంటే ముందే గుమ్మంలో ఉన్నాడు. ఊరుమ్మడి స్నానశాలకెళ్తే బయట బెంచీ మీద ఉన్నాడు. నాకే పిచ్చెక్కిందనుకున్నానక్కా!" అంటూ ఫోనుని గచ్చుకేసి కొట్టబోయింది. బూరుల్ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"పగలగొట్టకు. రేపు వాడి మీద సాక్ష్యం ఇదే." ఫోను కట్టేసి జేబులో వేసుకుంది.

అప్పుడు తట్టింది ఆమెకి. గేటు దాటాక ఫోను నోరు మూతపడింది సరే, గేటు దాటకముందు? మినీబస్సు దిగి నడిచి వస్తున్నంతసేపూ అది చెబుతూనే ఉంది. అతని మ్యాపులో చుక్క ఈ వీధి మొదట్లో ఆగిపోయి ఉంటుంది. ఏ ఇల్లో తెలియదు గానీ వీధి తెలుసు. బలిక్చీ నుంచి కారులో నాలుగు గంటలు; చుక్క రాత్రంతా కదలకపోయేసరికి ఈపాటికి బయల్దేరే ఉంటాడు. గేటు దగ్గరే ఫోను కట్టేయించాల్సింది. ఇన్నేళ్ళలో ఆ సంగతి తోచనందుకు తనని తానే తిట్టుకుంది.

పోలీస్ స్టేషనుకి ఫోన్ చేసింది. "ఇంకా రాలేదు కదమ్మా? వచ్చాక చెప్పండి. మొగుడూ పెళ్ళాల గొడవకి ముందే వచ్చి ఏం చేస్తాం?" అన్నాడు డ్యూటీలో ఉన్నతను. టాక్సీ పిలిచింది. పది నిమిషాలన్నారు.

అంతలోనే బయట అరుపులు. బూరుల్ గేటు సందులోంచి చూసింది. పక్కింటి ముందు చల్లటి పులుపు సేమ్యా అమ్మే దుంగాన్ తెగ ముసలాయన ఇస్మార్ కాలరు పట్టుకుని ఉన్నాడు బేగాయిమ్ మొగుడు తాలాయ్. ఎడమ చేతిలో ఫోను. చంకలో టైర్లు విప్పే ఇనుప కడ్డీ.

"నిన్న నాలుగింటికి నా పెళ్ళాం ఇక్కడే నిలబడింది. ఏ ఇంట్లో దూరింది?"

"నా దగ్గర తినడానికి సగం ఊరు నిలబడుతుంది నాయనా. ఎవరి పెళ్ళాన్నని గుర్తుపెట్టుకోను?"

తాలాయ్ ఫోను జేబులో పెట్టుకుని కడ్డీతో ముసలాయన చేతి మీద ఒక్కటి వేశాడు. ఎముక విరిగిన చప్పుడు గేటు లోపలికి వినిపించింది. వెనిగరు గిన్నె బోర్లాపడి, ఎర్రటి కారం నీళ్ళు కాలవలా పారాయి.

"ఏ ఇల్లు, ముసలోడా?"

"ఇంకో చెయ్యి ఉందిగా. అదీ విరగ్గొట్టు."

రెండో దెబ్బ భుజం మీద పడింది. ముసలాయన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "నేనే వెళ్తానక్కా, నా కోసం ఆయన్ని చంపేస్తాడు" అని బేగాయిమ్ గడియ మీద చెయ్యేసింది. బూరుల్ ఆమెని వెనక్కి తోసి, గోడకి ఆనించిన పార అందుకుని తనే గేటు తీసింది.

"ఇటు రారా. ఈ ఇల్లే."

తాలాయ్ పరుగున వచ్చాడు. బూరుల్ పార తిప్పి అతని చెవి మీద కొట్టింది. తూలాడే గానీ పడలేదు. కడ్డీ ఆమె నోటి మీద తగిలింది. పళ్ళు నాలిక మీదికి రాలడం తెలిసింది. కింద పడ్డ ఆమె పక్కటెముకల మీద బూటు కాలితో తన్నాడు, మళ్ళీ తన్నాడు. "నా ఇల్లు కూలుస్తావే? నా పెళ్ళాన్ని దాస్తావే?"

మూడో తాపు పడలేదు. బేగాయిమ్ పొయ్యి మీది కెటిల్ తెచ్చి మరుగుతున్న నీళ్ళు అతని మొహాన కుమ్మరించింది. తాలాయ్ రెండు చేతులతో మొహం కప్పుకుని పశువులా అరిచాడు. కడ్డీ జారి పడింది. ఆమె దాన్ని తీసి అతని మోకాలి మీద కొట్టింది. పడ్డాక అదే మోకాలి మీద మళ్ళీ కొట్టింది. ఏడేళ్ళుగా ఏ దెబ్బ తిన్నా నోరెత్తని మనిషి ఇప్పుడు గొంతు చిరిగేలా అరుస్తోంది. కడ్డీ మూడోసారి లేచింది, తల మీదికి.

బూరుల్ నేల మీద పాకి ఆమె చీలమండ పట్టుకుంది. నోటి నిండా నెత్తురు. "వద్దే... జైలుకెళ్ళాల్సింది వాడు, నువ్వు కాదు."

బేగాయిమ్ కడ్డీని గోడ అవతలికి విసిరేసింది.

టాక్సీవాడు వచ్చి చూసి పోలీసులని పిలిచాడు. ఈసారి వచ్చారు.

విచారణ శరత్కాలం దాకా సాగింది. "నా క్లయింటు భార్య కనబడక వెతుక్కుంటూ వెళ్ళాడు, అనుకోకుండా గొడవ జరిగింది" అన్నాడు తాలాయ్ వకీలు. బూరుల్ ఆ నూట తొంభై రెండు వరుసలూ అచ్చు వేయించి ఇచ్చింది. ఫోను తెరిచి చూసిన నిపుణుడు, యాప్ పెట్టిన తేదీ మార్చి ఎనిమిదేనని చెప్పాడు. తాలాయ్‌కి ఆరేళ్ళ జైలు పడింది. తీర్పు విని బేగాయిమ్ ఏడవలేదు, నవ్వలేదు. "ఆకలేస్తోందక్కా" అంది.

కోర్టులో చిరునామా బయటపడిన ఆ ఇల్లు బూరుల్ ఖాళీ చేసింది. ఊరికి ఇంకో కొసన అద్దెకి తీసుకున్న ఇంట్లో రౌటర్ బిగించి, వడపోత పెట్టింది బేగాయిమే. పాత వీధి వదిలి వెళ్ళేముందు బూరుల్ ఇస్మార్‌ని చూడటానికి వెళ్ళింది. ముసలాయన చెయ్యి మళ్ళీ తిన్నగా చాపుకునే స్థితికి రాలేదు. సేమ్యా ఇప్పుడు కోడలు చేస్తోంది.

"నా వల్లే ఇదంతా బాబాయ్. మీకు ముందే చెప్పి ఉండాల్సింది, ఇంట్లో ఎవర్ని పెట్టుకుంటున్నానో."

"చెప్పేదేముందే? నాలుగేళ్ళ నుంచి వీధంతటికీ తెలుసు. మొహం వాచిన ఆడపిల్లలు నీ గేటు కోసం వెతుక్కుంటుంటే దారి చూపించిందెవరనుకున్నావ్?"

బూరుల్ పళ్ళు లేని నోట్లో మాట తడబడింది. "మరి ఎవ్వరూ నాతో ఒక్క మాటైనా..."

"నువ్వు దాస్తున్నావ్ కదా, మేమూ దాచాం" అన్నాడు ఇస్మార్. "కూర్చో. కోడలు కారం ఎక్కువేస్తోంది, తిని నువ్వైనా చెప్పు."