నాలుగో ఫేజు

తొంభై ఆరులో నారాయణగూడలోని ఒక నర్సింగ్ హోముకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళం. అశోక్‌నగర్‌లో ఓ ఇంటి మేడమీద మా ఆఫీసు. బాస్ శ్రీపతి గారు, నేను, నగేష్, అంతే. శ్రీపతి గారు బోర్డుమీద నాలుగు ఫేజులు రాశారు: రోగి చేరిక, బెడ్, మరణం, డిశ్చార్జి. ఒక్కో ఫేజు రాయడం, నడిపి చూడడం, తప్పులు దిద్ది మళ్ళీ నడపడం. చావును డిశ్చార్జికి ముందు పెట్టిన మనిషికి ఏం చెప్తాం?

నడిపి చూడాలంటే ఒక పేరు కావాలి. మెట్లమీద చెప్పులు విడుస్తామని రోజూ సణిగే ఇంటాయన సూర్యనారాయణమూర్తి గారి పేరు కొట్టి, రోగిగా చేర్చి నగేష్ పడీపడీ నవ్వాడు. ఆ సాయంత్రమే ఇంటాయనకు గుండెనొప్పి వచ్చి అదే నర్సింగ్ హోములో చేర్చారు. రెండో ఫేజులో నేను ఆయన పేరుకు పన్నెండో బెడ్ ఇచ్చాను. చూడ్డానికి వెళ్తే ఆయన పన్నెండో బెడ్ మీదే ఉన్నారు. కిటికీ పక్కనుంచి ఆ పొద్దునే అక్కడికి మార్చారట. బోర్డుమీద తర్వాతి ఫేజు మరణం.

"సార్, డిశ్చార్జి ముందు చేద్దాం," అన్నాను.

"ప్లాన్ అట్ల లేదు గదమ్మ."

"ప్లాన్ మార్చండి. లేకుంటే నేను మానేస్త."

మార్చారు. మరణం నాలుగోదయింది. డిశ్చార్జి మాత్రం ఓ పట్టాన కుదరలేదు. నడిపిన ప్రతిసారీ ఎక్కడో ఆగేది. ఆగిన ప్రతిరోజూ కింద ఆయన భార్య అన్నపూర్ణ గారు "ఇయ్యాల గూడ పంపలేదమ్మ" అని కళ్ళు తుడుచుకునేవారు. కుదిరిన రోజున ఇంటాయన ఆటో దిగి, మా చెప్పులు చూసి సణిగారు. ఆ సణుగుడు విని నాకు ఏడుపొచ్చింది.

ఇక మిగిలింది మరణం. దానికి కొత్త పేరు కావాలి. నగేష్ ఆఫీసు ఊడ్చే ఆశమ్మ పేరు కొట్టబోయాడు. నాకు ఒళ్ళు మండింది. కీబోర్డు లాక్కుని నా పేరే కొట్టాను, సంయుక్త అని. మరణం నడిపేలోపే డిశ్చార్జి చేసేసుకుందామని చేర్చాను, ఏడో బెడ్ ఇచ్చాను. డిశ్చార్జి చేసుకునేలోపు కరెంటు పోయింది. పొద్దున్నే వచ్చి చేసుకోవచ్చులే అనుకున్నాను.

పొద్దున లేవలేకపోయాను. చిక్కడపల్లిలో మా ఇంటినుంచి ఆటోలో నర్సింగ్ హోముకు తెచ్చారు. ఏడో బెడ్. నగేష్‌కు ఫోన్ చెయ్యమంటే, జ్వరంలో ఏదో పలవరిస్తున్నాననుకుని అమ్మ నుదుటిమీద తడిగుడ్డ మార్చింది. మధ్యాహ్నంలోపు రెండుసార్లు ఊపిరి ఆగిపోయి, మళ్ళీ వచ్చింది. చాలా భయమేసింది.

అప్పుడు శ్రీపతి గారు బత్తాయిలు పట్టుకుని వచ్చారు.

"సార్, నన్ను డిశ్చార్జి చేయించండి. కంప్యూటర్ల."

ఆయన దుప్పటి సర్దారు. "పరేషాన్ కాకమ్మ. డిశ్చార్జి అయిపోయిన ఫేజు, మళ్ల దాని జోలికెందుకు? నువ్వు రాలేదని పనేం ఆపలే. ఆఖరిది నగేష్ పొద్దటిసంది రెండుసార్లు నడిపిండు, రెండుసార్లూ మధ్యల ఆగిపోయింది. తప్పు దొరికిందట. ఇప్పుడు మళ్ల నడుపుతున్నడు. ఈసారి అయితది."